తరచుగా బయట తినేవారికి పేగుల ఆరోగ్యం: ఏది మార్చుకోవాలి, ఏది వదిలేయవచ్చు?

పయనం:
నా ఉద్యోగంలో తిరుగుడు ఎక్కువ. వారంలో మధ్యాహ్న భోజనాలు దాదాపు అన్నీ, రాత్రి భోజనాలలో సగానికి పైగా బయటే సాగుతాయి. ఇంట్లో వండుకుని డబ్బా తీసుకువెళ్ళమనే సలహా ఇప్పటికే చాలామంది ఇచ్చారు. అది మంచి సలహాయే కాని నా పరిస్థితిలో నాలుగు రోజులు కూడా నిలవదు. కాబట్టి బయట తినడం తప్పదని అంగీకరించిన తరువాత చేయగలిగినదేమిటో తెలుసుకోవాలని ఈ చర్చను మొదలుపెడుతున్నాను.

నాకు తీవ్రమైన జబ్బేమీ లేదు. సాయంత్రానికి కడుపు ఉబ్బరిస్తుంది. కొన్నాళ్ళు మలబద్ధకం, మరికొన్నాళ్ళు పలచటి విరేచనాలు. రాత్రి ఆలస్యంగా తిన్నప్పుడు ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు వస్తాయి. వీటన్నింటికీ కారణం ఒకటేనా, లేక వేర్వేరుగా చూడాలా? భోజనశాలలో పళ్ళెం ముందు కూర్చున్నప్పుడు దేనిని ఎంచుకోవాలి? అనుభవం ఉన్నవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

నిదానం:
నేను ఆహారశాస్త్రం బోధిస్తాను. బయటి భోజనం గురించి మాట్లాడేటప్పుడు అందరూ అందులో ఉన్నవాటిని, అంటే నూనెను, కారాన్ని, ఉప్పును లెక్కపెడతారు. నా దృష్టిలో అంతకంటే పెద్ద సమస్య అందులో లేనిది. అది పీచుపదార్థం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం పెద్దలకు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు, 400 గ్రాముల కూరగాయలు, పండ్లు అవసరం. బయట వడ్డించే భోజనంలో తెల్ల అన్నమో, మైదాతో చేసిన రొట్టెలో ప్రధాన భాగమవుతాయి. కూరగాయలు రుచి కోసం కొద్దిగా పడతాయి, అవి కూడా తొక్క తీసి, బాగా ఉడికించి, చిక్కటి రసంలో కలిపినవే. వండిన తెల్ల అన్నం వంద గ్రాములు తింటే అందులో ఒక గ్రాము పీచు కూడా దొరకదు. అదే బరువు గల ఉడికించిన సెనగలలోనో, పప్పుదినుసులలోనో 7 నుంచి 8 గ్రాముల వరకు ఉంటుంది. ఈ ఒక్క తేడాను గుర్తుపెట్టుకుంటే పళ్ళెంలో దేనిని పెంచాలన్న ప్రశ్నకు సగం సమాధానం దొరికినట్లే.

పీచు మలాన్ని మెత్తబరుస్తుందన్నంత వరకు అందరికీ తెలుసు, కాని దాని అసలు పని పెద్దపేగులో జరుగుతుంది. మన ఎంజైములు అరిగించలేని పీచును అక్కడి బ్యాక్టీరియా పులియబెట్టి ఎసిటేట్, ప్రొపియొనేట్, బ్యూటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలను తయారుచేస్తాయి. వీటిలో బ్యూటిరేట్ పెద్దపేగు లోపలి పొరలోని కణాలకు ప్రధాన ఇంధనం. పీచు చాలినంత అందనప్పుడు కొన్ని బ్యాక్టీరియా ఆ పొరను కప్పి కాపాడే జిగురునే ఆహారంగా వాడుకుంటాయని ఎలుకలపై జరిగిన ప్రయోగాలలో తేలింది. మనుషులలో అది ఎంత మేరకు జరుగుతుందన్నది వేరే చర్చ గాని, దిశ మాత్రం స్పష్టమే.

అందువలన పయనం గారూ, ప్రతి బయటి భోజనాన్నీ ఆదర్శవంతంగా మార్చాలని ప్రయత్నించకండి. వారాన్ని ఒక లెక్కగా తీసుకోండి. మీ చేతిలో ఉన్న పూటలు, అంటే ఉదయపు అల్పాహారం, సాయంత్రం తినే చిరుతిండి, సెలవు రోజు భోజనం, ఇవి పీచుతో నిండి ఉంటే బయటి పూటల లోటు చాలా వరకు పూడుతుంది. తొక్కతో తిన్న మధ్యరకం ఆపిల్ పండు 4 గ్రాములు, గుప్పెడు బాదం గింజలు 3 గ్రాములకు పైగా ఇస్తాయి. వీటికి వంటగది అక్కరలేదు, సంచీలో పెట్టుకున్నా చెడిపోవు.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఈ మాట చదివి రేపటి నుంచే పీచును రెట్టింపు చేస్తే మీ ఉబ్బరం తగ్గకపోగా పెరుగుతుంది, ఎందుకంటే పులియబెట్టే బ్యాక్టీరియాకు హఠాత్తుగా మేత ఎక్కువైతే వాయువు కూడా ఎక్కువగానే పుడుతుంది. రెండు మూడు వారాల పాటు కొద్దికొద్దిగా పెంచుతూ, నీళ్ళు కూడా ఆ మేరకు పెంచుకోవాలి.

కొలిమి:
నిదానం గారు పోషకాల వైపు నుంచి చెప్పారు. నేను పొయ్యి వైపు నుంచి చెబుతాను. చాలా ఏళ్ళు పెద్ద వంటశాలలలో పనిచేశాను. తినడానికి వచ్చినవారు వంటకం పేరు చూస్తారు గాని, అది ఎప్పుడు వండింది, ఆ తరువాత ఎంత వేడిలో నిలిచింది అని చూడరు. పేగులకు సంబంధించినంత వరకు ఆ రెండో ప్రశ్నే ముఖ్యమని నా అభిప్రాయం.

వంటశాలలో నేర్పే మొదటి పాఠం ఉష్ణోగ్రతే. వేడి పదార్థం 60 డిగ్రీలకు పైన, చల్లటి పదార్థం 5 డిగ్రీలకు లోపల ఉండాలి. ఈ రెంటికీ నడుమ ఉన్నదంతా బ్యాక్టీరియా పెరిగే ప్రాంతం, అందులో వండిన ఆహారాన్ని రెండు గంటలకు మించి ఉంచకూడదు. నియమం చిన్నదే కాని రద్దీ వేళల్లో మొదట జారిపోయేది ఇదే.

అన్నం సంగతి చాలామందికి తెలియదు. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా స్పోర్లు, అంటే గట్టి పొరలో నిద్రాణంగా ఉండే దాని రూపాలు, బియ్యంలో సహజంగానే ఉంటాయి, ఉడికించినా చావవు. అన్నాన్ని గంటల తరబడి గది ఉష్ణోగ్రతలో వదిలేస్తే అవి మొలకెత్తి విషాన్ని విడుదల చేస్తాయి. వాంతులు కలిగించే ఆ విషం మళ్ళీ వేడి చేసినా నశించదు. కాబట్టి పొగలు కక్కుతూ వచ్చింది గనుక సురక్షితమని అనుకోవడానికి వీలులేదు. మధ్యాహ్నం మిగిలిన అన్నాన్ని రాత్రి పెనం మీద వేయించి ఇచ్చే చోట్లు ఉన్నాయి. సరిగా చల్లార్చి శీతలయంత్రంలో పెట్టి ఉంటే అది తప్పు కాదు, బయట వదిలేసి ఉంటేనే ప్రమాదం. తినేవారికి ఈ రెంటి మధ్య తేడా కనిపించదు.

పెద్ద గిన్నెలలో వండిన మాంసం కూరలతో మరో చిక్కు ఉంది. గిన్నె ఎంత పెద్దదైతే లోపలి భాగం అంత నెమ్మదిగా చల్లారుతుంది. ఆ గోరువెచ్చటి లోతులో క్లాస్ట్రిడియమ్ పర్ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా చాలా వేగంగా పెరుగుతుంది. అందుకే జాగ్రత్త గల వంటవారు కూరను వెడల్పాటి లోతు తక్కువ పళ్ళాలలోకి మార్చి చల్లారుస్తారు.

ఇక ఎంపిక విషయం. ఒక భోజనశాలలో అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడయ్యే వంటకాన్ని ఎంచుకోండి, ఎందుకంటే అది నిలువ ఉండే అవకాశం తక్కువ. వంటకాల పట్టిక ఎంత పొడవుగా ఉంటే ముందుగానే వండి నిలువ ఉంచినవి అంత ఎక్కువగా ఉంటాయి. చెప్పిన తరువాత పొయ్యి మీద పెట్టేవాటికి మొదటి స్థానం ఇవ్వండి. వరుసగా పేర్చిన వంటకాల నుంచి ఎవరికి వారు వడ్డించుకునే చోట మొదటి గంటలో తినడం మంచిది. గిన్నె కింద మంట వెలుగుతున్నదా, మూత తీస్తే ఆవిరి వస్తున్నదా అన్నది ఒక్క చూపుతో తెలుస్తుంది. కోసి తెరిచి ఉంచిన పండ్లు, పచ్చి ఆకుకూరల ముక్కలు, గది ఉష్ణోగ్రతలో గంటల పాటు ఉన్న తడి పచ్చళ్ళు వంటివి నేనైతే ముట్టను. పచ్చి కూరగాయల మీద పీచు లెక్క నాకు తెలుసు గాని, ఏ నీటితో కడిగారో తెలియనప్పుడు ఆ లెక్కను వేరే పూటకు వాయిదా వేస్తాను.

వేయించిన నూనె గురించి కూడా ఒక మాట. పదే పదే కాచిన నూనెలో ధ్రువ సమ్మేళనాలు, అంటే నూనె విరిగి చెడిపోయినప్పుడు పుట్టే పదార్థాలు, పేరుకుంటాయి. అవి సుమారు 25 శాతానికి చేరిన నూనెను వాడకూడదని చాలా దేశాల నియమాలు చెబుతాయి. మనం కొలవలేము, కాని ముదురు రంగు, పైన నిలిచే నురుగు, తక్కువ వేడికే వచ్చే పొగ, నాలుకకు అంటుకునే జిగట, ఇవన్నీ దాని గుర్తులే.

సందేహి:
ఇంత శ్రమ అవసరమా? నేను రోజూ ఒక ప్రోబయోటిక్ గొట్టం మాత్ర వేసుకుని నచ్చినది తింటున్నాను. మంచి బ్యాక్టీరియాను బయటి నుంచి అందిస్తున్నప్పుడు పీచు, ఉష్ణోగ్రత అంటూ ఈ లెక్కలన్నీ ఎందుకో నాకు అర్థం కావడం లేదు.

నిదానం:
సందేహి గారూ, మీకు ఇబ్బంది ఏమీ లేకపోతే ఆ మాత్ర వలన సాధారణంగా హాని ఉండదు. కాని మీ తర్కంలో ఒక కీలకమైన అంశం మరుగున పడుతోంది. ప్రోబయోటిక్ అన్న పేరు కింద అమ్మేవన్నీ ఒకటి కావు. ఒక రకం బ్యాక్టీరియాతో ఒక జబ్బులో ఫలితం వచ్చిందంటే అది ఆ రకానికి, ఆ జబ్బుకు మాత్రమే వర్తిస్తుంది. అమెరికాలోని జీర్ణకోశ వైద్యుల సంఘం 2020లో అందుబాటులో ఉన్న ఆధారాలను పరిశీలించి, ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ (ఐబీఎస్, అంటే కడుపునొప్పి, ఉబ్బరం, మలవిసర్జనలో మార్పులు పదే పదే వచ్చే పేగు సమస్య) సహా చాలా జీర్ణ సమస్యలకు వీటిని పరిశోధనల పరిధిలోనే వాడాలని సూచించింది. పైగా బయటి నుంచి వచ్చిన బ్యాక్టీరియా చాలామందిలో స్థిరపడదు, మాత్ర ఆపిన కొద్ది కాలానికే కనుమరుగవుతుంది. మేత లేని చోట కొత్త మందను తోలినంత మాత్రాన ప్రయోజనం ఉండదు.

మాత్ర కంటే పులిసిన ఆహారాన్ని నేను ముందు పెడతాను. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2021లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, 10 వారాల పాటు పులిసిన ఆహారాలు ఎక్కువగా తీసుకున్నవారి పేగులలో బ్యాక్టీరియా వైవిధ్యం పెరిగింది, రక్తంలో వాపును సూచించే అనేక ప్రొటీనులు తగ్గాయి. పీచు పెంచిన బృందంలో ఆ వ్యవధిలో సగటున వైవిధ్యం పెరగలేదు. నేను ఇంతకు ముందు పీచును అంతగా పొగిడాను కాబట్టి ఈ మాట దాచడం న్యాయం కాదు. అయితే రెండు బృందాలూ కలిపి 36 మందే, వ్యవధి కూడా తక్కువే. దీని ఆధారంగా పీచు వృథా అనుకోవడం తొందరపాటు అవుతుంది. బయట తినేటప్పుడు తీపి కలపని తాజా పెరుగు దొరికితే తీసుకోవడం దీనిని ఆచరించే సులభమైన మార్గం. పెరుగును వేడి వంటకంలో మరిగిస్తే అందులోని బ్యాక్టీరియా చనిపోతుంది, అప్పుడది రుచికి మాత్రమే మిగులుతుంది.

మెలకువ:
నేను సాధారణ వైద్యుడిని. పయనం గారు అడిగిన మొదటి ప్రశ్నకు ఇంకా ఎవరూ సమాధానం చెప్పలేదు కాబట్టి అక్కడి నుంచి మొదలుపెడతాను. మీరు చెప్పిన లక్షణాలను రెండుగా విడదీసి చూడటం మంచిది.

ఛాతీలో మంట పైభాగపు సమస్య. కొవ్వు ఎక్కువగా ఉన్న భోజనం జీర్ణాశయం నుంచి నెమ్మదిగా ఖాళీ అవుతుంది. అంతేకాక అన్నవాహిక చివర ఉన్న కండరపు బిగువును కూడా కొవ్వు సడలిస్తుంది. దానికి తోడు రాత్రి ఆలస్యంగా, కడుపునిండా తిని వెంటనే పడుకుంటే ఆమ్లం పైకి ఎగదన్నడానికి అన్ని సదుపాయాలూ సమకూర్చినట్లే. ఇక్కడ ఏమి తిన్నారన్న దాని కంటే ఎంత, ఎప్పుడు అన్నవే ఎక్కువ ప్రభావం చూపుతాయి. పడుకోవడానికి మూడు గంటల ముందే భోజనం ముగించడం, మంచం తలవైపు కాళ్ళ కింద దిమ్మలు పెట్టి 15 నుంచి 20 సెంటీమీటర్లు ఎత్తు చేయడం, ఎడమ పక్కకు తిరిగి పడుకోవడం, ఈ మూడింటికీ మంచి ఆధారాలున్నాయి. తలకింద దిండ్లు పేర్చడం వలన నడుము వంగి కడుపు మీద ఒత్తిడి పడుతుంది కాబట్టి దానిని నేను సూచించను. రాత్రి ఆలస్యం తప్పనప్పుడు సాయంత్రం కొంత తిని, రాత్రి పూట సగం భోజనంతో సరిపెట్టుకోవడం ఉత్తమం.

ఇక్కడే ఒక ముఖ్యమైన విషయం ఉంది. మంట వచ్చిన ప్రతిసారీ దుకాణంలో ఆమ్లాన్ని తగ్గించే మాత్ర కొని నెలల తరబడి వేసుకునేవారు చాలామంది. జీర్ణాశయంలోని ఆమ్లం ఆహారంతో వచ్చే క్రిములను చంపే మొదటి కావలి. ఒమెప్రజోల్, పాంటొప్రజోల్ వంటి మందులు ఆ ఆమ్లాన్ని బాగా తగ్గిస్తాయి కాబట్టి, వాటిని దీర్ఘకాలం వాడేవారికి సాల్మొనెల్లా, క్యాంపిలోబ్యాక్టర్ వంటి అంటువ్యాధుల ముప్పు పెరుగుతుంది. తరచుగా బయట తినేవారికి ఇది రెట్టింపు ప్రాధాన్యం గల విషయం. వైద్యుడు కారణం చూసి రాసిన మందును ఆపమని నేను చెప్పడం లేదు. హఠాత్తుగా ఆపితే ఆమ్లం మళ్ళీ ఎగసిపడుతుంది కూడా. అవసరం లేకుండా కొనసాగుతున్నదా అని మీ వైద్యుని అడగండి.

ఉబ్బరం, మలవిసర్జనలో మార్పులు కిందిభాగపు సమస్యలు. రోజుకు మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల వరకు మలవిసర్జన సాధారణమే. రోజూ ఒకే వేళకు కాకపోతే జబ్బు అనుకోనవసరం లేదు. అయితే మలంలో రక్తం, నల్లటి తారువంటి మలం, ప్రయత్నించకుండా బరువు తగ్గడం, రాత్రి నిద్ర లేపే విరేచనాలు, మింగడంలో ఇబ్బంది, రక్తహీనత, నలభై అయిదేళ్ళు దాటిన తరువాత కొత్తగా మొదలైన మార్పు, కుటుంబంలో పెద్దపేగు క్యాన్సర్ చరిత్ర, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఈ చర్చలోని సలహాలన్నీ పక్కన పెట్టి నేరుగా వైద్యుని కలవాలి.

ఇరుగు:
నాకు ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ ఉన్నట్లు కొన్నేళ్ళ క్రితం నిర్ధారణ అయింది. నూనెను, కారాన్ని ఎంత తగ్గించినా బయట తిన్న రోజు ఉబ్బరం తగ్గేది కాదు. చివరికి పోషకాహార నిపుణురాలి సహాయంతో తెలుసుకున్నదేమిటంటే, నాకు సరిపడనివి ఉల్లిపాయ, వెల్లుల్లి. వాటిలోని ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థాలు చిన్నపేగులో అరగవు. పెద్దపేగులోకి చేరి వేగంగా పులిసి వాయువును పుట్టిస్తాయి, నీటిని లాగుతాయి. అందరికీ ఇది ఇబ్బంది కలిగించదు, పేగు సున్నితంగా ఉన్నవారికే తెలుస్తుంది.

బయటి వంటలో చిక్కేమిటంటే ఉల్లి, వెల్లుల్లి ముద్ద ముందుగానే తయారై ఉంటుంది, అన్ని కూరలకూ అదే ఆధారం. ముక్కలను పళ్ళెంలో పక్కకు తీసేసినా ప్రయోజనం లేదు, ఎందుకంటే ఫ్రక్టాన్లు నీటిలో కరిగి రసంలోకి ఎప్పుడో దిగిపోయి ఉంటాయి. అయితే అవి నూనెలో కరగవు. అందుకే వెల్లుల్లిని నూనెలో వేయించి తీసేసిన వంటకం నాకు సరిపడుతుంది, వెల్లుల్లి వేసి మరిగించిన రసం సరిపడదు. నేను చిక్కటి రసం గల కూరల జోలికి పోకుండా విడిగా కాల్చిన, వేయించిన, ఆవిరిపై ఉడికించిన వాటిని అడుగుతాను.

ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయం రూపొందించిన తక్కువ ఫాడ్‌మ్యాప్ ఆహార పద్ధతి ఇదే సూత్రం మీద నడుస్తుంది. ఫ్రక్టాన్ల వలె సరిగా ఇంకక పేగులో పులిసే పిండిపదార్థాలు, చక్కెరలనే ఫాడ్‌మ్యాప్ అంటారు. దానిని శాశ్వత పథ్యంగా పట్టుకోకూడదు. రెండు నుంచి ఆరు వారాలు మానేసి, తరువాత ఒక్కొక్క రకాన్నీ తిరిగి చేర్చుతూ ఏది సరిపడదో గుర్తించాలి. మానేసిన వాటిలో చాలావరకు మంచి బ్యాక్టీరియాకు ఆహారమే. అనవసరంగా ఏళ్ళ తరబడి మానేస్తే నిదానం గారు చెప్పిన లోటే మరింత పెరుగుతుంది.

పాల విషయం కూడా చూసుకోండి. ప్రపంచ జనాభాలో పెద్దవారిలో దాదాపు మూడింట రెండు వంతుల మందికి పాలచక్కెరను అరిగించే శక్తి తగ్గిపోయి ఉంటుంది. ఇంట్లో పాలు తాగని వ్యక్తి కూడా బయట మీగడ వేసిన రసాలతో, మిఠాయిలతో ఎంత తీసుకుంటున్నాడో గమనించడు. పెరుగులో ఆ చక్కెర కొంత వరకు విరిగిపోయి ఉంటుంది కాబట్టి చాలామందికి అది ఇబ్బంది పెట్టదు.

పయనం:
ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. నాకు మరో సందేహం ఉంది. రాత్రి బయట భారీగా తిన్న మరుసటి రోజు ఉదయం నేను ఏమీ తినకుండా మధ్యాహ్నం వరకు గడుపుతాను. కడుపుకు విశ్రాంతి దొరుకుతుందని నా నమ్మకం. ఇది సరైనదేనా? భోజనాల నడుమ కాఫీ, బిస్కెట్లు మాత్రం నడుస్తూనే ఉంటాయి.

మెలకువ:
మీ నమ్మకంలో కొంత నిజం ఉంది, కాని మీరు దానిని తలకిందులుగా ఆచరిస్తున్నారు. ఆహారం లేనప్పుడు జీర్ణాశయంలోను, చిన్నపేగులోను సుమారు 90 నుంచి 120 నిమిషాలకు ఒకసారి బలమైన కదలికల అల ఒకటి సాగి, మిగిలిపోయిన ఆహారపు తునకలను, బ్యాక్టీరియాను కిందికి ఊడ్చేస్తుంది. ఏదైనా తిన్న వెంటనే ఆ అల ఆగిపోతుంది. కాబట్టి విరామం అవసరమైనది భోజనానికీ భోజనానికీ మధ్య. మీరేమో అక్కడ బిస్కెట్లతో నింపి, ఉదయం పూట ఖాళీ పెడుతున్నారు.

ఉదయం తినగానే పెద్దపేగు కదలికలు పెరుగుతాయి. మలబద్ధకం ఉన్నవారు ఆ ప్రతిచర్యను వాడుకోవాలి. అల్పాహారం తరువాత తొందర లేకుండా మరుగుదొడ్డిలో కూర్చునే వ్యవధి పెట్టుకుంటే, పాదాల కింద చిన్న పీట ఉంచుకుంటే, మందుల అవసరం చాలామందికి తగ్గుతుంది. ప్రయాణాలలో వేగిరపాటు వలన మల వేగాన్ని ఆపుకోవడం కూడా మలబద్ధకానికి పెద్ద కారణం. దీనిని భోజనం మీదకు నెట్టేస్తుంటారు.

సందేహి:
మాత్ర సంగతి అలా ఉంచి, ఇంకొకటి అడుగుతాను. బయట తిన్న తరువాత వాంతులో విరేచనాలో అయితే చివరిసారి తిన్న చోటే తప్పు జరిగిందని అందరూ తేల్చేస్తారు. ఆ నిర్ణయం సరైనదేనా? అప్పుడు వెంటనే యాంటీబయాటిక్ వేసుకుంటే త్వరగా తగ్గుతుందని విన్నాను.

మెలకువ:
మంచి ప్రశ్న అడిగారు. చివరి భోజనమే కారణమనుకోవడం తరచుగా పొరపాటవుతుంది. ముందే తయారైన విషాన్ని తింటే, అంటే స్టెఫైలోకాకస్, వాంతులు కలిగించే బాసిల్లస్ సీరియస్ వంటివైతే, అరగంట నుంచి ఆరు, ఎనిమిది గంటలలోపు వాంతులు మొదలవుతాయి. పర్ఫ్రింజెన్స్‌కు 6 నుంచి 24 గంటలు, నోరోవైరస్‌కు 12 నుంచి 48 గంటలు పడుతుంది. సాల్మొనెల్లాకు 6 గంటల నుంచి 6 రోజుల వరకు, క్యాంపిలోబ్యాక్టర్‌కు సాధారణంగా 2 నుంచి 5 రోజులు పట్టవచ్చు. అంటే ఈ రోజు విరేచనాలకు కారణం మూడు రోజుల క్రితం తిన్నది, ఒక్కోసారి ఇంట్లో తిన్నది కూడా కావచ్చు.

చికిత్సలో మొదటిది కోల్పోయిన నీరు, లవణాలు తిరిగి అందించడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన ఓఆర్ఎస్ పొడిని పొట్లం మీద రాసిన కొలత నీటిలోనే కలపాలి. నీరు తగ్గించినా, పెంచినా దాని సూత్రం దెబ్బతింటుంది. ప్రయాణ సంచీలో రెండు పొట్లాలు ఉంచుకోవడం మంచిది. యాంటీబయాటిక్ సొంతంగా మొదలుపెట్టవద్దు. చాలా కేసులు వైరస్ వలనో, విషం వలనో వస్తాయి, వాటి మీద అది పనిచేయదు. కొన్ని రకాల ఇ. కోలై సోకినప్పుడు మూత్రపిండాలు దెబ్బతినే ముప్పును పెంచవచ్చు. పేగులోని మంచి బ్యాక్టీరియాను మాత్రం కచ్చితంగా దెబ్బతీస్తుంది. విరేచనాలను ఆపే మాత్రలను కూడా జ్వరం ఎక్కువగా ఉన్నప్పుడు, మలంలో రక్తం ఉన్నప్పుడు వాడకూడదు.

ఈ విషయాన్ని తేలికగా తీసుకోవద్దనడానికి మరో కారణం ఉంది. పేగులకు తీవ్రమైన అంటువ్యాధి సోకినవారిలో సుమారు పదిమందిలో ఒకరికి, అది తగ్గిన తరువాత కూడా ఇరుగు గారు చెప్పిన ఐబీఎస్ లక్షణాలు మిగిలిపోతాయి. కొలిమి గారు చెప్పిన ఉష్ణోగ్రత లెక్కలు ఆ ఒక్క పూటకు సంబంధించినవి మాత్రమే కావు.

కొలిమి:
నోరోవైరస్ పేరు వచ్చింది కాబట్టి చేతుల గురించి చెప్పాలి. ఆల్కహాల్ కలిపిన ద్రవం దాని మీద అంతగా పనిచేయదు, సబ్బు, నీళ్ళతో ఇరవై సెకన్లు రుద్దడమే మార్గం. వంటశాలలో మాకు ఇది మొదటి నియమం. తినేవారు మాత్రం బల్ల మీది వంటకాల పట్టికను, చరవాణిని ముట్టుకుని అదే చేత్తో తింటారు. నీటి విషయంలో అందరూ జాగ్రత్తపడి మంచుముక్కల విషయంలో మరచిపోతారు. ఆ మంచు కూడా ఏదో ఒక నీటితో చేసినదే.

అడగడానికి మొహమాటపడకండి. రసం విడిగా ఇవ్వమని, నూనె తగ్గించమని, వేయించే బదులు కాల్చమని అడిగితే రద్దీ లేని వేళ ఏ వంటవాడైనా చేస్తాడు. పూర్తి రద్దీలో అడిగితే తల ఊపి మామూలుగానే పంపిస్తాడు. ఇది లోపలి మనిషిగా చెబుతున్న మాట.

ఇరుగు:
భోజనం చివర ఇచ్చే చక్కెర లేని చప్పరింపు బిళ్ళలను కూడా గమనించండి. వాటిలోని సార్బిటాల్, జైలిటాల్ వంటివి పూర్తిగా ఇంకవు. ఎక్కువ తింటే ఉబ్బరం, విరేచనాలు కలుగుతాయి. గ్యాస్ నింపిన పానీయాలు భోజనాన్ని అరిగిస్తాయన్న నమ్మకం కూడా నిలవదు. తేన్పు వచ్చిందంటే బయటికి పోయింది మనం తాగిన వాయువే.

పయనం:
చివరిగా ఒక సందేహం. ఎడతెగని పర్యటనలు ఉన్నప్పుడు పీచు, వేళలు ఏవీ కుదరవు. అలా గడిచిన కొద్ది రోజుల వలన పేగులలోని బ్యాక్టీరియాకు శాశ్వత నష్టం జరుగుతుందా? ఈ మార్పులు చేస్తే తేడా ఎన్నాళ్ళకు తెలుస్తుంది?

నిదానం:
కొద్ది రోజులకు అంత భయం అక్కరలేదు. 2014లో ప్రచురితమైన ఒక ప్రసిద్ధ ప్రయోగంలో కొందరికి అయిదు రోజులు పూర్తిగా జంతు సంబంధ ఆహారం, మరో విడతలో అయిదు రోజులు పూర్తిగా శాకాహారం ఇచ్చి చూశారు. జంతు సంబంధ ఆహారం పెద్దపేగును చేరిన ఒక్క రోజులోనే బ్యాక్టీరియా కూర్పు మారింది. అది ఆపిన రెండు రోజులకే మునుపటి స్థితికి వచ్చింది. మన పేగులోని జీవులు త్వరగా మారతాయి, త్వరగానే తిరిగి వస్తాయి. అదే తీరు నెలలూ, ఏళ్ళూ కొనసాగినప్పుడే ఆలోచించవలసి ఉంటుంది.

అయితే బ్యాక్టీరియా మారినంత వేగంగా మీ ఉబ్బరమో మలబద్ధకమో తగ్గుతుందని ఆశించకండి. పీచును నెమ్మదిగా పెంచుతున్నారు కాబట్టి మూడు నాలుగు వారాలు చూడాలి. అన్నీ ఒకేసారి మార్చకుండా మొదటి వారం ఉదయపు అల్పాహారాన్ని, ఆ తరువాత రాత్రి భోజన వేళను మార్చుకోండి. అప్పుడు దేని వలన ఉపశమనం కలిగిందో మీకే తెలుస్తుంది. తిన్నది, తిన్న వేళ, కలిగిన ఇబ్బంది ఒక చిన్న పుస్తకంలో రాసుకుంటే ఇంకా మంచిది. నెల గడిచినా మార్పు లేకపోతే ఆ పుస్తకాన్ని తీసుకుని వైద్యుని దగ్గరకు వెళ్ళండి. గోధుమ పడటం లేదేమోనన్న అనుమానం ఉంటే మాత్రం పరీక్షకు ముందే దానిని మానేయకండి, మానేసిన తరువాత చేస్తే సీలియాక్ వ్యాధి (గోధుమలోని గ్లూటెన్ అనే ప్రొటీను వలన చిన్నపేగు దెబ్బతినే జబ్బు) పరీక్షలో తప్పుడు ఫలితం రావచ్చు.